నేటాలులో క్రిస్మసును బడి బహుమానములును

ఆంధ్రదేశమున బడియేడు జూనులో మొదలగును. క్రిస్మసు దాని నడుమ చలిదినములలో వచ్చును. దక్షిణాఫ్రికాలోని నేటాలునందో, డిసెంబరు వేసవి. చదువుల యేడును ఆ నెలతోనే ముగియును. కావున క్రీస్తు జన్మోత్సవమును, పరీక్షాఫలములును, బహుమానములును అచ్చట ఒక్కమాఱే కూడివచ్చును.

1860 లో మొదటి కూలియోడ డర్బను చేరెను. 1899 లో ఆ పట్టణమున మనవారి బిడ్డలకు హయ్యరు గ్రేడు పాఠశాల తెఱువబడెను. తెల్లవారి బడులలో చోటు నిరాకరించుటయే దాని పుట్టుకకు కారణము, పేరు మాత్రము ఘనమైనదే! 1903 లో నెల్లూరునుండి వచ్చిన జాన్ రంగయ్యగారు కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించిరి. ఉన్నత పాఠశాలయనదగిన శాస్త్రి కళాశాల శ్రీనివాసశాస్త్రిగారి పూనికచే 1929 లో గాని తెఱువబడలేదు.

కొడవలి పట్టవలసిన యీడున బాలుడు బహుమాన పుస్తకముతో ఇల్లు చేరుట తలిదండ్రులకు స్వల్పవిషయము కాదు. జనవరిలో వాడు బడికి పోవునా, చెఱకుచేనికి పోవునా యనునది ఆ పండుగ దినములలోనే తేలవలసియుండెను. రుసుమును, దుస్తులును, ప్రయాణవ్యయమును కూర్చగలిగినవారి బిడ్డలు డర్బనునకు పోయిరి. తక్కినవారు పుస్తకమును గూట నుంచి తోటపనికి పోయిరి.