వాగను కొక్కెము

గూడ్సుబండిలో వాగనుకు వాగను తగిలించుట చూడ సులభముగానే తోచును. కాని అమెరికాలో 19వ శతాబ్దమున ఈ పని వేలమంది చేతివ్రేళ్లను హరించినది. ఆనాడు ఇనుప లంకెను ఎదుటి వాగను రంధ్రములో దూర్చి, పైనుండి చీల దింపెడివారు. ఇంజను నెట్టుచుండగా కార్మికుడు వాగనుల నడుమ నిలిచి లంకెను చేతితో పట్టవలెను. క్షణము తడబడిన వ్రేళ్లు నలిగెడివి. కాలు జారిన ప్రాణమే పోయెడిది.

వర్జీనియాలో బట్టలకొట్టు గుమాస్తాగానుండిన ఈలై జానీ దీనికి ఉపాయము కనిపెట్టి 1873లో పేటెంటు పొందెను. మీ రెండు చేతుల వ్రేళ్లను వంచి ఒకదానిలో నొకటి తగిలించి చూడుడు, సూత్రము తెలియును. వాగనులు తాకగానే కొక్కెములు తామే పెనవేసికొనును. విడదీయుటకు ప్రక్కనుండి మీట నెత్తిన చాలును.

అయినను కంపెనీలు త్వరపడలేదు. ఒకరి వాగనులు వేరొకరి దారిపై తిరుగును గనుక అందరును ఒకే కొక్కెమునకు ఒప్పుకొనవలెను. ఇది నిజమైన చిక్కే. ఖర్చు మరియొకటి. కాని అందుకు ఇరువది ఏండ్లా? 1888 జూనుతో ముగిసిన ఒక్క ఏడాదిలో 2,000 మందికి పైగా రైలు కార్మికులు మరణించిరనియు, 20,000 మందికి పైగా గాయపడిరనియు అధ్యక్షుడు హారిసన్ 1889లో చట్టసభకు తెలిపెను. 1893లో చట్టము వచ్చెను. గడువు మాత్రము 1900 వరకు సాగెను. తరువాత వాగనులు తగిలించుటలో ప్రమాదములు బాగుగా తగ్గెను.

నేడు మన గూడ్సు వాగనుల నడిమి కొక్కెములును ఈ జాతివే.