వాట్స్ బూడిదలో దొరికిన శిల్పాలు

1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ పేట ఆరు రోజులు తగలబడింది. పోలీసులు ఓ నల్లజాతి యువకుణ్ని అరెస్టు చేయడంతో రేగిన గొడవ అది. నిరుద్యోగం, పోలీసుల జులుం మీద కోపం అంతకు ముందు నుంచే లోలోపల కాగుతోంది. 34 మంది చనిపోయారు. దుకాణాలు వరసపెట్టి బుగ్గయ్యాయి.

పొగలు చల్లారకముందే నోవా ప్యూరిఫోయ్, జడ్సన్ పవెల్ ఆ బూడిదలో తుక్కు ఏరడం మొదలుపెట్టారు. వాట్స్ టవర్స్ పక్కన ఆర్ట్స్ సెంటర్‌ను ముందు ఏడాదే నిలబెట్టినవాళ్లు వీళ్లు. ఆ టవర్లదీ పారేసిన సామాను కథే. ఇటలీ నుంచి వలస వచ్చిన సైమన్ రోడియా పగిలిన పెంకులు, సీసా ముక్కలు, గవ్వలు అతికించి 33 ఏళ్లు ఒంటరిగా కట్టాడు. వాటిని కూలగొట్టాలని నగర అధికారులు పట్టుబడితే 1959లో బలపరీక్ష జరిగింది; టవర్ నిలిచింది, లాగిన యంత్రమే వంగింది!

ప్యూరిఫోయ్, పవెల్ బూడిదలోంచి పోగేసింది దాదాపు మూడు టన్నులు. కాలిన కలప, మెలితిరిగిన ఇనుము, నియాన్ బోర్డులు కరిగి గడ్డకట్టిన గాజు ముద్దలు. వాటితో శిల్పాలు చేయడానికి ఇంకొందరు కళాకారులు చేయి కలిపారు. 1966లో '66 సైన్స్ (Signs) ఆఫ్ నియాన్' పేరుతో అక్కడి బడిలోనే ప్రదర్శన పెట్టారు. తర్వాత అది విశ్వవిద్యాలయాలు తిరిగింది. ఆ ప్రదర్శనలోని చాలా శిల్పాలు మళ్లీ తుక్కులోనే కలిసిపోయాయి.

ప్యూరిఫోయ్ 1917లో అలబామాలో పుట్టాడు. తెల్లవాళ్లకో కుళాయి, నల్లవాళ్లకో కుళాయి ఉన్న కాలం. చాలా ఏళ్లకు ఆ అవమానాన్నే శిల్పం చేశాడు: 'తెల్లవారు' అని రాసిన మంచినీళ్ల కుళాయి, దాని పక్కనే 'నల్లవారు' అని రాసిన మరుగుదొడ్డి బేసిన్. ఇంత కటువైన హాస్యం గ్యాలరీ గోడలకు పట్టదనే అనిపిస్తుంది నాకు.

నడుమ చాలా ఏళ్లు శిల్పాలు పక్కనపెట్టి సామాజిక సేవలో, కాలిఫోర్నియా ఆర్ట్స్ కౌన్సిల్‌లో గడిపాడు. 1989లో, డెబ్బై దాటాక, జాషువా ట్రీ దగ్గరి మోహావీ ఎడారికి మకాం మార్చాడు. పాత టైర్లు, బౌలింగ్ బంతులు, టీవీ డబ్బాలు, విరిగిన కుర్చీలతో శిల్పాలు చేసి పదెకరాలు నింపాడు. ఎండకు పగిలినా గాలికి ఒరిగినా, ప్రకృతికీ ఇందులో వాటా ఉందనేవాడు.

2004లో ఆయన పోయాడు. 2015లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం ఆ ఎడారి శిల్పాల్లో కొన్నింటిని నగరానికి తెప్పించి పెద్ద ప్రదర్శన పెట్టింది, వాట్స్ తగలబడ్డ యాభై ఏళ్లకు.