పహాణీలో మాయమైన కాలమ్

2018 మే 10న తెలంగాణలోని హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. పంటకు, ఎకరానికి 4 వేల రూపాయల చొప్పున చెక్కులు, కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు చేతికొచ్చాయి. తొలి బడ్జెట్‌లోనే ఈ పథకానికి 12 వేల కోట్లు కేటాయించారు. విత్తనానికి ముందే, వడ్డీ వ్యాపారి గడప తొక్కకముందే పెట్టుబడి అందించాలన్నది గొప్ప ఆలోచన. అయితే చెక్కు మీది పేరు పట్టాదారుది. అదే పొలంలో దుక్కి దున్ని, నాట్లు వేయించినవాడు కౌలు రైతయితే అతనికి రూపాయి రాలేదు.

సాగుచేసేవాడికి భూమి కాగితాల్లో ఒకప్పుడు చోటుండేది. తెలంగాణ పల్లెల భూమి, పంటల రికార్డైన పహాణీలో పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు మరో కాలమ్ ఉండేవి. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నది ఏటా పట్వారీ రాయాలి. ఆ కలం చాలాసార్లు దొరవైపే మొగ్గేది. అయినా 1954-55 నాటి ఖాస్రా పహాణీలో తాత పేరు ఉందా లేదా అన్నదాని మీద ఎన్నో భూ తగాదాలు కోర్టుల్లో నడిచాయి.

తెలంగాణ సాయుధ పోరాటం సాగుతున్న కాలంలోనే 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఆరేళ్లు వరుసగా కౌలు చేసినవారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. ఆ తర్వాత 38-ఇ సెక్షన్ కింద ఎందరికో యాజమాన్య హక్కులు కూడా దక్కాయి. భూమి చేజారుతుందన్న భయం కూడా అప్పటి నుంచే ఆసాముల్లో పాతుకుపోయింది. కౌలు కాగితం మీద నుంచి నోటిమాటకు మారింది.

ఆ భయం పోగొట్టేందుకే 2011లో ఉమ్మడి రాష్ట్రం భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చింది. దాని కింద ఇచ్చే కార్డుతో బ్యాంకు రుణం అడగవచ్చు, భూమి మీద మాత్రం హక్కు రాదు. తెలంగాణలో ఆ కార్డుల జారీ క్రమంగా అటకెక్కింది. 2020 అక్టోబరులో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు కాలమే లేకుండా పోయింది.

రైతుబంధు సాయం పెరిగి ఎకరాకు ఏటా 10 వేలు వచ్చినప్పుడు లెక్క సూటిగా ఉండేది. రెండెకరాల రైతుకు 20 వేలు, యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు. భూమికి పరిమితి ఉండేది కాదు, సాగు ఎవరిదన్న ప్రశ్నా ఉండేది కాదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో మూడో వంతుకు పైగా రైతులు కౌలు భూమి సాగుచేస్తున్నట్టు తేలింది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా కూడా పట్టాదారులకే. సొంత గుంట లేని కౌలు రైతు అప్పులపాలై ప్రాణం తీసుకుంటే అతని ఇంటికి బీమా 5 లక్షలు రావు.

ఆంధ్రప్రదేశ్ 2019లో తన రైతు భరోసా పథకంలో కౌలు రైతులను చేర్చింది. అదీ భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే. సాగుదారు హక్కు పత్రం కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు.

2025 జనవరి 26న తెలంగాణలో రైతుబంధు స్థానంలో ఏడాదికి ఎకరాకు 12 వేలతో మొదలైన రైతు భరోసా కూడా పట్టా లెక్క మీదే నడిచింది. కౌలు రైతుకూ ఇస్తామన్నది 2023 ఎన్నికల్లో గెలిచిన పార్టీ ఇచ్చిన మాట. దాన్ని నిలబెట్టుకునే దారి పాత పహాణీలోనే ఉంది. ప్రతి సీజన్‌లో గ్రామసభ పెట్టి, దున్నేవారి పేరు అందరి ముందూ రాయాలి. యాజమాన్య హక్కుకు ఆ నమోదుతో సంబంధం లేదని చట్టంలోనే చెప్పాలి. సాగు సాయం సాగుచేసేవాడికే చేరాలి.