నల్లేరు

నల్లేరు ద్రాక్ష కుటుంబానికి (విటేసి) చెందిన ఒక రసభరితమైన ఎగబ్రాకే తీగ. దీని శాస్త్రీయ నామం సిస్సస్ క్వాడ్రాంగులారిస్. నాలుగు పలకలుగా, కణుపు కణుపుకూ నొక్కినట్లు సన్నబడి గొలుసువలె కనిపించే ఆకుపచ్చని కాండం దీని ముఖ్య లక్షణం. మెట్ట ప్రాంతాలలో కంచెల మీద, ముళ్ళపొదల మీద అల్లుకొని సహజంగా పెరిగే ఈ తీగను ఇండ్లలోను, మేడల మీద కుండీలలోను సులభంగా పెంచవచ్చును. లేత కాడలను ఆహారంగాను, కాండాన్ని ఔషధంగాను చాలాకాలంగా వాడుతున్నారు.

పేర్లు

సిస్సస్ అనే ప్రజాతి నామం ఒక ఎగబ్రాకే తీగకు గ్రీకు భాషలో గల పేరు నుండి వచ్చింది. క్వాడ్రాంగులారిస్ అనగా నాలుగు కోణాలు గలది అని అర్థం. ఈ జాతికి 1767లో కార్ల్ లిన్నేయస్ పేరు పెట్టాడు. కొన్ని పాత గ్రంథాలలో ఇది విటిస్ క్వాడ్రాంగులారిస్ అనే పేరుతో కనిపిస్తుంది. విటిస్ అనేది ద్రాక్ష ప్రజాతి పేరు.

సంస్కృతంలో దీనిని వజ్రవల్లి, అస్థిసంహారి, అస్థిశృంఖల అంటారు. అస్థి అంటే ఎముక, శృంఖల అంటే గొలుసు. హిందీలో హడ్‌జోడ్ (ఎముకను అతికించేది), తమిళంలో పిరండై, కన్నడంలో మంగరవళ్ళి, మలయాళంలో చంగలంపరండ అని పిలుస్తారు.

లక్షణాలు

- కాండం: మెత్తగా, కండ కలిగి, నాలుగు అంచులతో ఉంటుంది. అంచులు సన్నని రెక్కలవలె పొడుచుకొని వస్తాయి. రెండు కణుపుల మధ్య భాగం సుమారు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరుకు కొంచెం పైబడిన వెడల్పు ఉంటుంది.
- ఆకులు: కణుపుకు ఒకటి చొప్పున పుడతాయి. దళసరిగా, అండాకారంలో గాని మూత్రపిండం ఆకారంలో గాని ఉండి, అంచులు రంపపు పళ్ళవలె ఉంటాయి. ఎండకాలంలో చాలావరకు రాలిపోతాయి.
- నులితీగలు: ఆకుకు ఎదురుగా కణుపు వద్ద పుడతాయి. చీలికలు లేకుండా పొడవుగా ఉండి ఆధారాన్ని చుట్టుకొంటాయి.
- పూలు: చాలా చిన్నవి. నాలుగేసి ఆకర్షణ పత్రాలతో, గుత్తులుగా పూస్తాయి.
- పండ్లు: గుండ్రని చిన్న మృదుఫలాలు. పండినపుడు ఎర్రగా మారతాయి. సాధారణంగా ఒక్కొక్క పండులో ఒకే గింజ ఉంటుంది. ద్రాక్షకు బంధువే అయినా ఈ పండ్లు నాలుకను, గొంతును మండిస్తాయి కనుక తినదగినవి కావు.

విస్తరణ

ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పం, భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలలోని వెచ్చని ప్రాంతాలలో నల్లేరు సహజంగా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాతిగుట్టలు, చిట్టడవులు, పొలాల గట్లు, పాత కంచెలు దీనికి అనువైన తావులు. చలిదేశాలలో దీనిని ఇంటిలోపల, ఎండ పడే కిటికీ వద్ద కుండీలో పెంచుతారు.

నీటిని పొదుపు చేసే విధానం

చాలా మొక్కలు పగటివేళ పత్రరంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకొంటాయి. ఆ సమయంలో ఎండవేడికి వాటిలోని నీరు కూడా ఆవిరైపోతుంది. నల్లేరు కాండం ఇందుకు భిన్నంగా రాత్రివేళ రంధ్రాలను తెరచి వాయువును గ్రహించి, దానిని ఆమ్లరూపంలో నిలువచేసుకొని, పగలు రంధ్రాలు మూసి ఆహారాన్ని తయారుచేసుకొంటుంది. దీనిని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. జెముడు మొక్కలలోను, అనాసలోను ఇదే పద్ధతి ఉన్నది.

అయితే నల్లేరు ఆకులు ప్రధానంగా సాధారణ మొక్కల పద్ధతినే పాటిస్తాయి. వానలు ఉన్నంతకాలం ఆకులతో వేగంగా పెరిగి, వానలు వెనుకబట్టగానే ఆకులను వదలివేసి కేవలం కాండంతో బ్రతకడం ఈ మొక్క నేర్పు. అందువలన ఎండకాలంలో ఆకులు రాలినంత మాత్రాన మొక్క చనిపోయినదని భావించి పీకివేయరాదు. కాండం పచ్చగా, గట్టిగా ఉంటే మొక్క సజీవంగా ఉన్నట్లే.

గుర్తింపులో జాగ్రత్త

పలకలు గల పచ్చని కాండాన్ని మాత్రమే చూసి నల్లేరు అని నిర్ణయించడం ప్రమాదకరం. బొంతజెముడు వంటి జెముడు మొక్కల కాండం కూడా పలకలుగా ఉంటుంది. వాటికి ముళ్ళు ఉంటాయి. గిల్లితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంటిలో పడితే చూపునకే ముప్పు. నల్లేరుకు ముళ్ళు ఉండవు, పాలు కారవు. తెంపితే నీటివంటి జిగురు రసం వస్తుంది. కణుపుల వద్ద నులితీగలు ఉండటం మరొక గుర్తు. పాలు కారే తీగను గాని కాడను గాని నల్లేరుగా వంటకు, మందుకు వాడరాదు.

పెంపకం

నల్లేరును గింజలతో కంటే కాడ ముక్కలతో పెంచడం తేలిక.

నాటే విధానం: ముదురు, లేత కాని మధ్యరకపు కాడను ఎన్నుకొని, రెండు మూడు కణుపులు ఉండేటట్లు పదునైన కత్తితో కోయాలి. కోసిన ముక్కలను వెంటనే నాటక రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వాలి. కోత వద్ద తడి ఆరి పొర కట్టిన తరువాత నాటితే కుళ్ళదు. క్రింది కణుపు మట్టిలో, పై కణుపు గాలిలో ఉండాలి. కాడను తలక్రిందులుగా నాటకుండా, కోసేటప్పుడే పైకొనకు గుర్తు పెట్టుకోవడం మంచిది. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో వేరు పట్టి, పై కణుపు నుండి చిగురు వస్తుంది.

మట్టి, కుండీ: నీరు నిలువని మట్టి ముఖ్యం. ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపితే సరిపోతుంది. 8 నుండి 10 అంగుళాల మట్టికుండీ చాలును. అడుగున రంధ్రం తప్పక ఉండాలి. దానిపై పెంకు ముక్క ఉంచి మట్టి పోయాలి. నల్లరేగడి ఒక్కటే వాడితే తడి ఎక్కువకాలం నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి.

వెలుతురు: రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలితే కాండం బలంగా, దగ్గర కణుపులతో పెరుగుతుంది. ఇంటిలో వెలుతురు చాలకపోతే కాండం సన్నబడి, పాలిపోయి, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో పెట్టరాదు. వారం పదిరోజులు ఉదయపు ఎండకు అలవాటు చేయాలి.

నీరు: నల్లేరు నీటిలేమి వలన చనిపోవడం కంటే నీరు ఎక్కువై చనిపోవడమే అధికం. నాటిన మొదటి వారం నీరు పోయనవసరం లేదు. తరువాత పై రెండు అంగుళాల మట్టి పూర్తిగా ఆరినపుడు మాత్రమే, కుండీ అడుగు నుండి నీరు కారేవరకు పోయాలి. సామాన్యంగా ఎండకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు, చలికాలంలో రెండు వారాలకు ఒకసారి సరిపోతుంది. ముసురు పట్టినపుడు కుండీని చూరు క్రిందకు జరపాలి. కాండం ముడుతలు పడితే నీరు కావాలని, మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే నీరు ఎక్కువైనదని గుర్తు.

ఆధారం: నులితీగలు సన్నని వాటినే చుట్టుకోగలవు. పురికొస, వెదురుపుల్లల పందిరి, కిటికీ చువ్వలు, ఇనుప వల తగినవి. నున్నని గోడను ఇది తనంతట ఎక్కలేదు. తీగ కండ కలిగినది కావడం వలన ముదిరినకొద్దీ బరువు పెరుగుతుంది. ఆధారం గట్టిగా ఉండాలి. వ్రేలాడే కుండీలో పెడితే క్రిందికి జారుతూ గొలుసులవలె అందంగా కనిపిస్తుంది.

కత్తిరింపు, ఎరువు: ఏటా వానలకు ముందు ముదురు తీగలను కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వస్తాయి. వానాకాలంలో ఒకటి రెండుసార్లు గుప్పెడు వానపాముల ఎరువు వేస్తే చాలును. రెండు మూడేళ్ళకు ఒకసారి కుండీ మట్టిని మార్చాలి. 10 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ చలి ఉన్నచోట మొక్కను ఇంటిలోపల ఉంచి, నీరు బాగా తగ్గించాలి.

తెగుళ్ళు: కణుపుల సందులలో పిండినల్లి చేరుతుంది. తడిగుడ్డతో తుడిచి, వేపనూనెను సబ్బునీటిలో కలిపి చల్లితే తగ్గుతుంది. లేత ఆకులను గొంగళి పురుగులు తింటే చేతితో ఏరివేయవచ్చును. కుళ్ళు సోకినపుడు మందులకంటే, బాగున్న పైభాగాన్ని కోసి ఆరబెట్టి కొత్త మట్టిలో నాటుకోవడమే ఉత్తమం.

ఆహారంగా

లేత కాడలతో పచ్చడి, పొడి, పులుసు చేస్తారు. తమిళనాడులో పిరండై తువైయల్ అనే పచ్చడి ప్రసిద్ధం. అక్కడ దీని రసాన్ని అప్పడాల పిండిలో కూడా కలుపుతారు.

నల్లేరులో సున్నపు ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. సూదులవంటి ఈ స్ఫటికాల వలన పచ్చికాడను ముట్టుకొంటే చేతులు, తింటే నోరు, గొంతు దురద పెడతాయి. కోసేముందు చేతులకు నూనె రాసుకోవాలి. చివరి రెండు మూడు లేత కణుపులను మాత్రమే తీసుకొని, కణుపులను, అంచుల నారను తొలగించి, చిన్న ముక్కలుగా తరిగి, నూనెలో రంగు మారేవరకు బాగా వేయించాలి. వేయించిన ముక్కలకు మిరపకాయలు, మినపపప్పు, చింతపండు చేర్చి నూరుతారు. సరిగా వేగని పచ్చడి ఎంత పులుపు వేసినా దురద పెడుతుంది. మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు ఆక్సలేట్ కారణంగా దీనికి దూరంగా ఉండటం మంచిది.

వైద్యంలో

విరిగిన ఎముకలు అతకడానికి నల్లేరును ఆయుర్వేదంలోను, గ్రామవైద్యంలోను వాడతారు. కాడను నూరి కట్టు కట్టడం, రసాన్ని లోపలికి ఇవ్వడం రెండూ ఉన్నాయి. పశువులకు కాలు విరిగినపుడు కూడా ఈ కట్టు కట్టే వాడుక ఉన్నది.

ఈ నమ్మకాన్ని శాస్త్రీయంగా పరీక్షించినవారిలో కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ ముఖ్యులు. 1960వ దశకంలో వీరు జంతువులపై ప్రయోగాలు చేసి, నల్లేరు సారం ఇచ్చినపుడు విరిగిన ఎముక త్వరగా అతికి బలపడుతున్నదని ప్రకటించారు. తరువాత మనుషులపై జరిగిన పరిశీలనలు చాలావరకు కొద్దిమందితో చేసినవి. మూలవ్యాధికి ఇది మందు అనే వాడుక థాయ్‌లాండ్‌లో ఉన్నది. అక్కడ జరిపి 2010లో ప్రచురించిన ఒక పరీక్షలో మాత్రం ఉత్తుత్తి మాత్రకంటే ఇది మెరుగని తేలలేదు. పాశ్చాత్య దేశాలలో దీని సారాన్ని కీళ్ళనొప్పులకు, బరువు తగ్గడానికి గొట్టాలలో నింపి అమ్ముతున్నారు.

ఎముక అతుకుకొనే వేగం ఒక్కటే ముఖ్యం కాదు. విరిగిన కొసలు సరియైన వరుసలో ఉండటం అంతకంటే ముఖ్యం. వరుస తప్పిన ఎముక కట్టు క్రింద త్వరగా అతికితే అవయవం వంకరగా మిగిలిపోతుంది. బిగించి కట్టిన కట్టు వలన రక్తప్రసారం ఆగి, చేయి లేదా కాలు కోల్పోయే ప్రమాదమూ ఉన్నది. కనుక ఎముక విరిగినదని అనుమానం కలిగితే ముందుగా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి, వైద్యునిచేత ఎముకను సరిచేయించుకోవాలి. నల్లేరు ఆ చికిత్సకు బదులు కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా దీనిని మందుగా తీసుకోరాదు. పచ్చని వంటకానికి, గాఢమైన సారానికి మోతాదులో చాలా తేడా ఉన్నదని గమనించాలి.

భాషలో

అతి సులభమైన పనిని తెలుగులో "నల్లేరు మీద బండి నడక" అంటారు. నేలమీద పరచుకొన్న నల్లేరు కాడలు నీటితో నిండి మెత్తగా ఉంటాయి. బండిచక్రం క్రింద అవి ఇట్టే నలిగిపోతాయి గాని చక్రానికి అడ్డుపడవు. నల్లేరును పల్లేరుతో పొరబడరాదు. పల్లేరు ముళ్ళకాయలు కాసే వేరొక నేలతీగ. దాని మీద నడక కష్టానికి గుర్తు.

ఇవి కూడా చూడండి

- ద్రాక్ష
- తిప్పతీగ
- జెముడు
- పల్లేరు