బామ్మగారి గుడ్డసంచీ



రెండురోజులు ఊరెళ్లాలంటేనే మనం ఎంత హైరానా పడతామో! అలాంటిది అరవై ఏడేళ్ల బామ్మ ఒకావిడ, చేత్తో కుట్టుకున్న గుడ్డసంచీ భుజాన వేసుకుని, దాదాపు అయిదు నెలలు ఒంటరిగా కొండల్లో, అడవుల్లో నడిచిందంటే నమ్ముతారా?

ఆవిడ పేరు ఎమ్మా గేట్‌వుడ్. 1887లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పుట్టింది. పంతొమ్మిదో ఏట పెళ్లి. పదకొండుమంది పిల్లలు. ఇంటి చాకిరీ, పొలంపని చాలవన్నట్టు మొగుడి చేతి దెబ్బలు. ఆ దెబ్బలు తప్పించుకోను అడవిలోకి పరుగెత్తేదట. చివరకు 1941లో విడాకులు పుచ్చుకుంది.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఒక పత్రికలో అపలేచియన్ కాలిబాట గురించి చదివింది. జార్జియా నుంచి మెయిన్ దాకా పధ్నాలుగు రాష్ట్రాల కొండల మీదుగా సాగే రెండువేల మైళ్ల పైచిలుకు దారి అది. ఒక స్త్రీ ఒంటరిగా, ఒకే విడతలో ఆ దారంతా నడవడం అప్పటికింకా జరగలేదు. సరే, నేను నడుస్తాననుకుంది.

1954లో మెయిన్ వైపునుంచి బయలుదేరింది. అక్కడ ఎటు చూసినా చిక్కని అడవి, మధ్య మధ్య సరస్సులు. రెయిన్‌బో లేక్ అనే సరస్సు దాపున దారి తప్పింది. కళ్లజోడు పగిలింది. తిండి నిండుకుంది. అటవీ ఉద్యోగులు ఇంటికి వెళ్లిపొమ్మని బుద్ధులు చెప్పారు. వెళ్లింది. ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు.

మరుసటేడు, 1955 మే 3న, నడకకు వెళ్తున్నానని మాత్రం పిల్లలతో చెప్పి, ఈసారి జార్జియా కొసనుంచి మొదలుపెట్టింది. గుడారం లేదు. సంచీలో ఒక దుప్పటి, వానకు కప్పుకోను స్నానాలగదికి కట్టే ప్లాస్టిక్ తెర. కాళ్లకు కాన్వాసు బూట్లు. తిండికి ఎండుద్రాక్ష, వేరుశనగపప్పు, డబ్బాల్లో వచ్చే మాంసం. అడవిలో ఏ ఆకు తినొచ్చో, ఏ పండు తినొచ్చో పల్లెలో పెరిగిన మనిషికి ఒకరు చెప్పాలా? చలిరాత్రుల్లో రాళ్లు కాచి, వాటిమీద పడుకునేది. దారిలో కొందరు పిలిచి అన్నం పెట్టారు, కొందరు తలుపు వేసుకున్నారు.

కిందటేడు తప్పిపోయిన ఆ సరస్సుల సీమను ఈసారి తప్పకుండా దాటింది. సెప్టెంబరు 25న, నూటనలభైయారో రోజున, కటాడిన్ కొండశిఖరం ఎక్కింది. అప్పటికి ఆవిడకు ఇరవైముగ్గురు మనవలు! 1957లో మళ్లీ నడిచింది. విడతలు విడతలుగా మూడోసారి కూడా పూర్తిచేసింది. 1973లో కన్నుమూసింది.

మనమంత దూరం నడవక్కర్లేదు లెండి. కానీ "ఈ వయసులో మనకెందుకమ్మా" అనే మాట నోటికొచ్చినప్పుడు, దారి తప్పి ఇంటికి తిరిగొచ్చి, మళ్లీ సంచీ భుజాన వేసుకున్న ఆ బామ్మను ఒక్కసారి తలచుకోండి.