అమన్ రిసార్ట్స్

అమన్ రిసార్ట్స్ ఆసియాలో పుట్టి ప్రపంచమంతటా విస్తరించిన విలాస విడిదుల సంస్థ. తక్కువ గదులు, ఎక్కువ ఏకాంతం, స్థానిక వాస్తుశైలి దీని ముఖ్య లక్షణాలు.

స్థాపన: ఇండోనేషియాలో జన్మించిన ఏడ్రియన్ జెకా పాత్రికేయుడిగా, పత్రికా ప్రచురణకర్తగా పనిచేసి హోటల్ రంగంలోకి వచ్చారు. 1988లో థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో ఆయన స్థాపించిన అమన్ తొలి విడిది అమన్‌పురి ప్రారంభమైంది. వాస్తుశిల్పి ఎడ్ టటిల్ కొబ్బరితోట నడుమ, థాయ్ ఆలయాల పైకప్పులను తలపించేలా దీన్ని రూపొందించారు. వందలాది గదుల హోటళ్ళే లాభదాయకమని భావించే రోజుల్లో 40 పెవిలియన్లతోనే మొదలుపెట్టడం సాహసోపేతమైన నిర్ణయం.

విస్తరణ: 1989లో బాలిలో ఆయుంగ్ నదీలోయ అంచున అమన్‌దారి వెలిసింది. దీన్ని పీటర్ ముల్లర్ బాలి పల్లె నమూనాలో తీర్చిదిద్దారు. 1997లో బోరోబుదూర్ స్తూపానికి అభిముఖంగా అమన్‌జివో వచ్చింది. భారతదేశంలో రణథంబోర్ వద్ద గుడారాల విడిది అమన్-ఇ-ఖాస్, అల్వర్ జిల్లాలో అమన్‌బాగ్ ఉన్నాయి. 2009లో అమెరికాలోని యూటా ఎడారిలో అమన్‌గిరి ప్రారంభమైంది.

యాజమాన్యం: 2007లో భారతీయ స్థిరాస్తి సంస్థ డీఎల్ఎఫ్ అమన్‌ను కొనుగోలు చేసి, 2014లో విక్రయించింది. అనంతరం స్థిరాస్తి వ్యాపారి వ్లాదిస్లావ్ డోరోనిన్ నాయకత్వంలో సంస్థ మహానగరాలపై దృష్టి పెట్టి టోక్యో (2014), న్యూయార్క్ (2022)లలో హోటళ్ళు తెరిచింది. 2024లో జాను అనే అనుబంధ బ్రాండ్ తొలి హోటల్ టోక్యోలో మొదలైంది.

ప్రాముఖ్యం: పరిసరాలకు ఒదిగిన చిన్న విడిది కూడా అత్యున్నత ఆతిథ్యం అందించగలదని అమన్ నిరూపించింది. తర్వాతి తరం రిసార్టుల నిర్మాణంపై ఈ ఆలోచన గాఢమైన ప్రభావం చూపింది.