గిగాబిట్టు గడప దాటిన కథ



పూర్వము మన యిండ్లలో విలువగల కాగితములు భోషాణములో నుండెడివి. పొలము దస్తావేజులు, జాతకములు, తాతలనాటి తాళపత్రములు అందే భద్రపఱచెడివారు. నేడు పెక్కు కుటుంబములలో పెండ్లి చిత్రములు, పసివాని తొలి పలుకులు, గతించిన పెద్దల కంఠస్వరములు, తుదకు దస్తావేజుల ప్రతిబింబములు కూడ ఒక చిన్న పెట్టె వంటి నిల్వ యంత్రములో నుండుచున్నవి. దానిని సర్వరందురు. ఇంటిలోని తక్కిన కంప్యూటర్లు ఒక తీగ ద్వారమున దానిని పలుకరించి, కావలసినది తెచ్చుకొనును, దాచవలసినది దాచుకొనును. భోషాణ మెంత పెద్దదైనను మూత యెంత తెఱచుకొనునో అంతకు మించి సరకు బయటకు రాదు గదా! ఈ క్రొత్త భోషాణము మూత సుమారు పదునైదు, ఇరువది యేండ్లపాటు ఒకే మేర తెఱచుకొని నిలిచిపోయినది. అది యేల నిలిచెను, మరల నెట్లు కదలెను అనునది నేటి విషయము.

ముందుగా కొలతలు తెలిసికొందము. బిట్టనగా ఉన్నది, లేదు అను రెండింటిలో ఒకదానిని తెలుపు గుర్తు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. ఆంగ్లాక్షర మొకటి వ్రాయుటకు ఒక బైటు చాలును. మన తెలుగు గుర్తునకు నేడు వాడుకలోనున్న పద్ధతిలో మూడు బైటులు కావలెను. మన లిపి కొంచెము బరువైనదే. గిగాబిట్టు వేగమనగా సెకనుకు నూఱు కోట్ల బిట్టులు, అనగా పండ్రెండున్నర కోట్ల బైటులు. పది లక్షల బైటులను మెగాబైటందురు గావున, సెకనుకు 125 మెగాబైటులన్నమాట. దారిఖర్చులు పోగా చేతికి చిక్కునది 110 మొదలు 118 వఱకు. లక్ష కోట్ల బైటుల సంచయమును, అనగా ఒక టెరాబైటును, ఆ దారిని తరలించుటకు రెండున్నర గంటలు పట్టును.

ఈ తీగకు ఈథర్నెట్టని పేరు. పేరులో ఒక వింత గలదు. కాంతి ప్రయాణించుటకు ఈథరను సూక్ష్మపదార్థ మాధారమని 19వ శతాబ్దమున పాశ్చాత్యులు నమ్మిరి. 1887లో మైకెల్సను, మోర్లీ యను నిద్దఱు శాస్త్రజ్ఞులు దానికై వెదకగా అది కానరాలేదు. అట్లు లేదని తేలిన వస్తువు పేరును, కంటి కెదురుగనున్న తీగకు 1973లో రాబర్టు మెట్కాఫ్ పెట్టెను. అతడప్పుడు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణమున జిరాక్సు సంస్థవారి పరిశోధనాలయమున పనిచేయుచుండెను. అచటి కంప్యూటర్లను ఒండొంటితోను, క్రొత్తగా వచ్చిన అచ్చుయంత్రముతోను కలుపుట ఆయన పని. ఆ యేడు మే 22వ తేదీన తన యూహను కాగితముపై పెట్టెను. డేవిడ్ బాగ్స్ అను సహాయకునితో కలిసి దానిని నడిపించెను. మొదటి వేగము సెకనుకు 29 లక్షల 40 వేల బిట్టులు.

ఇది రేడియో ప్రసంగము గావున ఒక మాట చెప్పక తప్పదు. మెట్కాఫునకు మార్గము చూపినది రేడియోయే. హవాయి దీవులలో నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడు 1971 నాటికి దీవికిని దీవికిని నడుమ కంప్యూటర్లచేత రేడియో ద్వారా మాటలాడించెను. ఎవరికి తోచినప్పుడు వారు పలుకవచ్చును. ఇద్దఱి మాటలు కలియబడినచో ఇద్దఱును ఊరకుండి, తలకొక విధమైన వ్యవధి నిచ్చి, మరల పలుకవలెను. రచ్చబండ మీద పెద్దమనుష్యులు చేయునది ఇదియే. మెట్కాఫ్ దీనికి ఒక మర్యాద చేర్చెను: నోరు విప్పుటకు ముందు ఇతరులు పలుకుచున్నారేమో వినవలెను.

1980లో మూడు సంస్థలు కూడి దీని వేగమును కోటి బిట్టులకు పెంచి నియమములను ప్రకటించినవి. 1983లో అమెరికా ఇంజనీర్ల సంఘమువారు దానిని ప్రమాణముగా నంగీకరించిరి. ఆనాటి తీగ బొటనవ్రేలి లావున మోకు వలె నుండెడిది. 1990లో టెలిఫోను తీగ వంటి సన్నని మెలితీగల మీదను ఇది నడచునట్లు చేసిరి. ఆ సమీపముననే కల్పన యను సంస్కృత నామముగల యొక సంస్థ, స్థాపకులలో వినోద్ భరద్వాజ అను భారతీయుడుండగా, ఈథర్నెట్టు స్విచ్చిని విపణిలోనికి తెచ్చెను. ఎవరి మాటను వారికే చేర్చునది స్విచ్చి. రచ్చబండ గొడవ దీనితో తీరిపోయినది. 1995లో వేగము పదిరెట్లయ్యెను.

1999 నాటి పని మఱింత మెచ్చదగినది. గోడలలో అప్పటికే వేసిన మెలితీగలో నాలుగు జతలుండును. అంతకుముందు రెండు జతలే పనిచేసెడివి. ఒకటి పోకకు, ఒకటి రాకకు. గిగాబిట్టు కొఱకు నాలుగు జతలను కాడికి కట్టిరి. అంతేకాదు, ప్రతి జతమీదను పోకయు రాకయు ఏకకాలమున జరుగవలెను. తాను అఱచుచునే ఎదుటివాని గుసగుస వినుట వంటిది! తన కేక యెంతయో లెక్కకట్టి, విన్నదానిలోనుండి దానిని తీసివేసి, మిగిలినదే ఎదుటివాని మాటగా గ్రహించు యుక్తి పన్నిరి. ఒక్కొక్క జత 25 కోట్ల బిట్టులను మోయును. నాలుగును కలిసి నూఱు కోట్లు. మరుసటి యేడే ఆపిల్ సంస్థవారు తమ బల్లమీది యంత్రములలో దీనిని చేర్చిరి. కొలది సంవత్సరములలో ఇంటింటి పెట్టెకును ఇది వచ్చినది.

ఆనాటికి ఇది కావలసినదానికంటె ఎక్కువ. ఇంటి నిల్వపెట్టెలు ఆ దారిలో నాల్గవవంతైన నింపలేకుండెను. ఇరుసు బలహీనమైన బండికి రాజమార్గ మెందులకు? కాని డిస్కులు ఊరకుండలేదు.

డిస్కుల చరిత్రలో ఒక లెక్క మనసున కెక్కవలెను. 1956లో ఐ.బి.యం. వారు చేసిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్ళెములు 50 ఉండెను. అందు పట్టునది 50 లక్షల అక్షరములు. చదువు వేగము సెకనుకు 8,800 అక్షరములు. దానినంతయు ఒక్క దమ్మున చదువుటకు పదినిమిషములైన పట్టదు. నేటి 20 టెరాబైటుల డిస్కు సెకనుకు 250 మెగాబైటులు చదివినను, తుదిముట్టుటకు 22 గంటలు కావలెను; పళ్ళెము లోపలి వరుసలకు పోయినకొలది వేగము తగ్గును గావున ఒక దినము మించును. అనగా గాదె పెరిగినంతగా వాకిలి పెరుగలేదు. అదే డిస్కును గిగాబిట్టు తీగ మీద తరలించినచో రెండు దినములు.

నా దృష్టిలో అసలు కష్టమిక్కడనే యున్నది. చలనచిత్రము తొందరగా తెఱచుకొనకపోయిన నెవరికిని నష్టములేదు. రెండవ ప్రతి తీయుట మాట వేరు. పూర్వము వ్రాయసగాండ్రు తాళపత్రములను మరల మరల ఎత్తి వ్రాయుటచేతనే మన గ్రంథములు చెదలకును చెమ్మకును మిగిలినవి. డిస్కునకును చావు కలదు. రెండవ ప్రతి పూర్తియగువఱకు ఇంటివారి జ్ఞాపకములన్నియు ఒక్క ప్రతి మీదనే నిలిచియుండును. పని రెండు దినములు పట్టునన్నచో, మానవస్వభావము మీరెఱుగుదురు, వచ్చే వారము చూతమందురు.

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు చిన్న డిస్కులు పెక్కింటిని ఒకటిగా పూన్చి, ఒకటి చెడినను తక్కినవానినుండి దాని సరకును తిరిగి పొందు మార్గములను వివరించిరి. గృహ సర్వర్లలో ఇప్పటికిని ఈ పద్ధతియే. దీనివలన వేగమును పెరిగినది. దీనిని చూచి వేఱు ప్రతి అక్కఱలేదనుకొనువారు కలరు. పొరపాటున చెఱిపివేసిన చిత్రము అన్ని డిస్కులలోను ఒక్కసారిగా చెఱగును. పిడుగు పడిన అన్నియు ఒక్కచోటనే కాలును. వేఱు ప్రతి వేఱే.

ఇక సుమారు 2010 నాటికి ఒక్క డిస్కే గిగాబిట్టు దారిని నింపగలిగెను. నాలుగు కూడిన పెట్టె మాట చెప్పనేల? పెద్ద కార్యాలయములకు పదిగిగాబిట్టుల దారి 2002లోనే గాజుతీగ మీదను, 2006లో మెలితీగ మీదను ఏర్పడినది. కాని మెలితీగ మీద దానిని నడుపు మొదటి పరికరములు విద్యుత్తును మిక్కిలి త్రాగి వేడెక్కెడివి, వెలయు హెచ్చు, నూఱు మీటర్ల దూరమునకు మేలుజాతి క్రొత్త తీగయు వలయును. గోడలు పగులగొట్టుట కెవరొప్పుదురు?

ఓపికగల గృహస్థులు కొన్ని ఉపాయములు పన్నిరి. రెండు తీగలను జోడించు పద్ధతి 2000 సంవత్సరమునుండియు ఉన్నది. జోడించిన పిదప వేగము రెట్టింపగునని ఆశించి నిరాశ చెందినవారనేకులు. వరుస తప్పకుండుటకై ఒక సంభాషణ యంతయు ఒకే తీగ మీద పోవలెనని ఆ పద్ధతి నియమము. రెండు బాటలున్నను ఒక బండి ఒక బాటనే పోవును గదా! ఒకే ఫైలును పలు బాటలకు పంచు విద్య 2012లో మైక్రోసాఫ్టువారి విండోస్ వ్యవస్థతో వచ్చినది.

ఈ సందర్భమున ఆస్ట్రేలియా రాజధానియగు కాన్బెరాలో చదువుచుండిన ఆండ్రూ ట్రిడ్జెల్ ను తలపవలెను. ఫైళ్ళకై యంత్రములు తమలో తాము మాటలాడు భాషకు నిఘంటువు దొరకక, 1991 చివర ఆయన తీగ మీద పోవు మాటలను పొంచి విని, భావమూహించి, తానును ఆ భాష పలుకు సర్వరును వ్రాసెను. అదియే సాంబా; అందఱకు ఉచితముగా నిచ్చిరి. పెక్కు గృహ సర్వర్లలో నేటికిని పలుకునది అదియే. పలు బాటల విద్య దానిలో చిరకాలము పరీక్షాదశలో నుండి, 2021లో సహజముగనే పనిచేయు స్థితికి వచ్చినది.

మఱికొందఱు పెద్ద కార్యాలయములు పాఱవేసిన పదిగిగాబిట్టుల పాత పలకలను అగ్గువకు కొని, రెండు యంత్రములను పొట్టితీగతో నేరుగా కలుపుకొనిరి. అక్కడొక క్రొత్త చిక్కు. ఈథర్నెట్టు సరకును 1,500 బైటుల మూటలుగా కట్టి పంపును. ఇది 1980 నాటి కొలత. పదిగిగాబిట్టుల మీద సెకనుకు ఎనిమిది లక్షలకు పైగా మూటలు వచ్చిపడును. వానిని విప్పుటకే కంప్యూటరు అలసిపోవుచుండెను. తొమ్మిదివేల బైటుల పెద్దమూటలు కొందఱు వాడిరి. ఇంజనీర్ల సంఘము దీనిని ప్రమాణముగా నెన్నడు నంగీకరింపలేదు. దారిలో ఒక్కరు ఒప్పకపోయినను మూట అక్కడనే పడిపోవును.

తుదకు తలుపు తీసినది ఎవరనుకొందురు? తీగలేని పద్ధతి. వైఫై వేగము గిగాబిట్టును సమీపించి దాటగా, దాని పెట్టెకు వచ్చు తీగయే ఇఱుకైపోయెను. కార్యాలయముల కప్పులలో కోట్లకొలది మీటర్ల పాత తీగ యున్నది. దానిని పెఱికివేయుట దుర్లభము. 2014లో రెండు కూటములు దీనికై పోటీపడి బయలుదేఱినవి. పరిష్కారము సులువైనది: పదిగిగాబిట్టుల విద్యనే తీసికొని, నాల్గవవంతు వేగమునకు తగ్గించి పలికించిరి. నిదానముగా పలికిన మాట పాత తీగ మీదను స్పష్టముగా వినబడును. 2016 సెప్టెంబరులో రెండున్నర, ఐదు గిగాబిట్టుల ప్రమాణమును సంఘమువా రంగీకరించిరి. గృహస్థుల మొఱ ఏండ్ల తరబడి వినని వారు, కార్యాలయపు కప్పు మొఱను రెండేండ్లలో వినిరి.

2020 ప్రాంతమునుండి సామాన్యపు కంప్యూటర్లలోను రెండున్నర గిగాబిట్టుల ద్వారము కనబడుచున్నది. టెరాబైటు గంటలోపల చేరును. పదింటి మీద పావుగంట. అయితే లక్ష చిన్న చిత్రములను పంపునప్పుడు ఈ లెక్క నిలువదు. ప్రతి ఫైలునకు తలుపు తట్టి, పేరు చెప్పి, సరకు దింపి, సెలవు తీసికొనవలెను. గుప్పెడు గుప్పెడుగా కొలిచినచో పుట్టి ధాన్యమునకు ఎంత ప్రొద్దుపోవును? అట్టివానిని ఒక్క మూటగా కట్టి పంపుట మేలు. ఇంకొకటి: రెండు కొసల ద్వారములు క్రొత్తవైనను నడుమ స్విచ్చి పాతదైనచో వేగము గిగాబిట్టే. గోడలోని తీగ మాత్రము 1999 నాటిదైనను, మేలురకపుదై చెడకుండినచో, రెండున్నర గిగాబిట్టులను నూఱు మీటర్ల దూరము మోయును.